తగ్గిపోయిందిగా, మళ్ళీ కొలనోస్కోపీ ఎందుకు?

మలంలో రక్తం పడిందంటే మన ఊళ్లలో మొదట వినిపించే మాట "వేడి చేసింది, మజ్జిగ తాగు". రెండోది "మొలలేమో". మా ఎర్రుపాలెం వైపు మూడోది కూడా ఉంటుంది, "కారం తగ్గించు". చాలాసార్లు అవి మొలలే అయ్యుండొచ్చు. కానీ రక్తం, జిగురుతో విరేచనాలు వారాల తరబడి అవుతుంటే అది అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చు. ఈ జబ్బు ఎక్కువగా 15 నుంచి 30 ఏళ్ల మధ్య మొదలవుతుంది, అంటే సరిగ్గా మన వయసులో. పట్నం జబ్బులే అనుకోవడానికీ లేదు, పల్లెల్లోనూ కనిపిస్తోంది.

ఇందులో మన రోగనిరోధక వ్యవస్థ మన పెద్దపేగు లోపలి పొర మీదే దాడి చేస్తుంది. వాపు, పుండ్లు మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతాయి. ఇది కారం వల్ల రాదు, మజ్జిగతో పోదు. మెసలమైన్ లాంటి మందులతో చాలామందికి అదుపులో ఉంటుంది.

ఎర్రుపాలెంలో ఉండే మా బాబాయ్‌కి ఈ జబ్బు మొదలై ఇది తొమ్మిదో ఏడు. డాక్టర్ కొలనోస్కోపీకి రమ్మన్నప్పుడల్లా ఆయనది ఒకటే ప్రశ్న: "ఇప్పుడు బానే ఉన్నాగా, మళ్ళీ ఆ పైపెందుకు?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇది.

పొర దెబ్బతిన్న ప్రతిసారీ పేగు కొత్త కణాలు తయారు చేసుకోవాలి. ప్రతి కొత్త కణానికి డీఎన్ఏ కాపీ కావాలి. ఎన్ని ఎక్కువ కాపీలైతే అన్ని ఎక్కువ తప్పులు దొర్లే అవకాశం. పైగా వాపు వల్ల పుట్టే రసాయనాలు కూడా డీఎన్ఏని పాడు చేస్తాయి. పాడైన కణాన్ని ఆపడానికి పీ53 అనే జన్యువు ఉంటుంది. మామూలు పెద్దపేగు క్యాన్సర్‌లో ఇది సాధారణంగా చివర్లో దెబ్బతింటుంది. కొలైటిస్ ఉన్నవాళ్లలో మొదట్లోనే దెబ్బతినొచ్చు. టెస్టింగ్ టీమ్ లేకుండా కోడ్ రిలీజ్ చేసినట్టన్నమాట.

క్యాన్సర్‌కి ముందు వచ్చే ఈ మార్పుని డిస్ప్లేసియా అంటారు. అది నొప్పి పెట్టదు. మామూలుగా పేగులో కనిపించే పాలిప్‌లా పైకి ఉబ్బకుండా, చాలాసార్లు పొరలో చదునుగా కలిసిపోయి ఉంటుంది. అందుకే డాక్టర్లు లోపల రంగు చల్లి మరీ వెతుకుతారు, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు. "బానే ఉన్నా" అని బాబాయ్ చెప్పేది ఈ రోజు సంగతి. కొలనోస్కోపీలో చూసేది ఈ తొమ్మిదేళ్లలో పేగులో ఏం జరిగిందో.

ముప్పు ఎంత? 2001లో 'గట్' అనే వైద్య పత్రికలో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్క వేశారు. జబ్బు మొదలైన 10 ఏళ్లకి 2 శాతం మందికి, 20 ఏళ్లకి 8 శాతం, 30 ఏళ్లకి 18 శాతం మందికి క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. తర్వాత వచ్చిన అంచనాలు ఇంతకంటే తక్కువే. 2012లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం మామూలు జనంతో పోలిస్తే ముప్పు సుమారు 2.4 రెట్లు. అంటే ఎక్కువమందికి క్యాన్సర్ రానే రాదు. భయపడాల్సిన పని లేదు కానీ పరీక్ష మానేయకూడదు.

ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. జబ్బు మలద్వారం దగ్గరే ఆగిపోతే దాదాపు పెరగదు. పెద్దపేగు అంతా పాకితే ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. వాపు ఎంత అదుపులో ఉంటే ముప్పు అంత తగ్గుతుంది, కాబట్టి బాగుంది కదా అని మందులు సొంతంగా మానేయకూడదు.

లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్లకి, ఏ బాధా లేకపోయినా, కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆ తర్వాత ఎన్నేళ్లకోసారి అనేది ముప్పుని బట్టి డాక్టర్ చెప్తారు. పీఎస్‌సీ అనే పిత్తనాళాల జబ్బు కూడా ఉంటే ఎనిమిదేళ్లు ఆగకూడదు, అది బయటపడినప్పటి నుంచే ఏటా చేయించుకోవాలి.

ఇదంతా బాబాయ్‌కి చెప్పాను. "మిరప కోతలు అయ్యాక చూద్దాం" అన్నారు. పిన్ని మాత్రం విజయవాడ వెళ్లే రైలు టైము అడిగింది. ముందు రోజు పేగు శుభ్రం చేసే మందు తాగడమే అసలు కష్టం, పరీక్ష మామూలుగా అరగంటలో అయిపోతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే వాళ్ల ఫైల్ తీయండి. మొదటిసారి రక్తం కనిపించిన సంవత్సరానికి 8 కలపండి. ఆ సంవత్సరం దాటిపోయి, ఇంకా కొలనోస్కోపీ చేయించుకోకపోతే ఈ వారమే డాక్టర్‌కి ఫోన్ చేయించండి. మీకే రక్తం కనిపిస్తుంటే హాస్టల్లో సిగ్గుపడి దాచుకోకండి. మొలలో కాదో డాక్టర్‌నే చెప్పనివ్వండి.