వెయ్యి గజాల గురి: ఆనందమెంత, ఖర్చెంత?

తూటా అంటే చాలామందికి చిటికెన వేలంత వస్తువే కళ్ల ముందు మెదులుతుంది. అమెరికాలో దూరపు గురి కోసం పెద్ద రైఫిళ్లు కాల్చేవాళ్ల దగ్గరుండే తూటా వేరు. ‘ఫిఫ్టీ బీఎంజీ’ అని పిలిచే ఆ తూటాను అరచేతిలో నిలువుగా పెడితే మణికట్టు దగ్గర మొదలై వేళ్ల నడిమి కణుపుల దాకా వస్తుంది. పొడవు 138 మిల్లీమీటర్లు. బరువు వంద గ్రాములు దాటుతుంది. ఒక్కటి కాలిస్తే నాలుగు నుంచి ఎనిమిది డాలర్లు ఖర్చు. అయినా సెలవు రోజు వస్తే గంటల తరబడి కారు నడిపి వెళ్లి, ఎండలో బోర్లా పడుకుని వీటిని కాల్చేవాళ్లు అక్కడ వేలల్లో ఉన్నారు.

దీంట్లో అంత ఆనందం ఏముంది? అంత డబ్బు ఎందుకవుతుంది? ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తాయి గానీ, రెండింటికీ జవాబు ఒకటే: గాలి. ఎలాగో ఓపిగ్గా చూద్దాం.

యుద్ధంలో పుట్టి ఆటస్థలానికి

‘ఫిఫ్టీ’ అంటే అంగుళంలో యాభై వందల వంతులు, అంటే అరంగుళం. తూటా ముందుభాగాన ఉండే గుండు వెడల్పు రమారమి అది. మన లెక్కలో 12.7 మిల్లీమీటర్లు. ‘బీఎంజీ’ అంటే బ్రౌనింగ్ మెషిన్ గన్. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో ఉక్కు కవచాలను, విమానాలను ఎదుర్కొనే పెద్ద తూటా అమెరికా సైన్యానికి కావలసి వచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న సైనిక తూటాను అన్ని కొలతల్లోనూ పెంచుతూ దీన్ని తయారుచేశారు. దానికి తగిన మెషిన్ గన్‌ను జాన్ బ్రౌనింగ్ రూపొందించారు. ఆ కుటుంబానికి చెందిన ‘ఎం2’ మెషిన్ గన్ ఇప్పటికీ సైన్యాల్లో పనిచేస్తూనే ఉంది.

అరవై ఏళ్లపాటు ఇది మెషిన్ గన్ తూటాగానే ఉండిపోయింది. భుజానికి ఆనించి కాల్చే రైఫిల్‌లో దీన్ని వాడొచ్చని నిరూపించినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన మనిషి టెనెస్సీకి చెందిన రానీ బ్యారెట్. ఆయన వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్. నదిలో నిలిపిన ఒక గస్తీ పడవను ఫొటో తీస్తున్నప్పుడు దాని మీది ఎం2 గన్‌లు చూసి, ఈ తూటాను ఒక్క మనిషి కాల్చగలిగే రైఫిల్ ఎందుకుండకూడదు అనుకున్నారు. 1982లో మొదటి రైఫిల్ తయారైంది. ముందు స్వీడన్ సైన్యం, ఆ తర్వాత గల్ఫ్ యుద్ధం వేళ అమెరికా సైన్యం వాటిని కొన్నాయి. 2016లో టెనెస్సీ శాసనసభ ఆ రైఫిల్‌ను తమ రాష్ట్ర అధికారిక రైఫిల్‌గా ప్రకటించింది.

యుద్ధంతో సంబంధం లేకుండా, కాగితం మీద గురి కోసమే దీన్ని కాల్చే పౌరులు 1985లో ఫిఫ్టీ క్యాలిబర్ షూటర్స్ అసోసియేషన్‌గా ఏర్పడ్డారు. వాళ్ల పోటీలకు కొలమానం వెయ్యి గజాలు, అంటే 914 మీటర్లు. ఈ ఆటకు పేరున్న చోటు న్యూ మెక్సికోలోని రాటన్ పట్టణం దగ్గరి విటింగ్టన్ సెంటర్. సుమారు 33 వేల ఎకరాల కొండలూ మైదానాలూ ఉన్న ఎత్తైన ప్రదేశం అది. రెండు మైళ్ల దూరాన ఉన్న గురిని కొట్టే ‘కింగ్ ఆఫ్ టూ మైల్స్’ పోటీకి పేరు తెచ్చింది కూడా ఆ నేలే.

ఒక్క షాట్, నాలుగు సెకన్లు

ఇప్పుడు ఒక షాట్‌ను దగ్గర నుంచి చూద్దాం. రైఫిల్ పది పదిహేను కిలోల బరువుంటుంది. ముందు రెండు కాళ్ల స్టాండు, వెనక, భుజానికి ఆనే కొస కింద చిన్న ఇసుక సంచి. షూటర్ బోర్లా పడుకుని, ఎడమ చేత్తో ఆ సంచిని పిసుకుతూ వదులుతూ గురిని వెంట్రుక వాసి పైకీ కిందికీ జరుపుతాడు. పక్కనే స్పాటర్, అంటే టెలిస్కోప్‌లో గాలిని, గురిని చూసి చెప్పే మనిషి. ఇద్దరి చెవుల్లోనూ ప్లగ్గులు, వాటి మీద ఇయర్‌మఫ్‌లు. ఒక్క రక్షణ చాలదు. గొట్టం కొసన ఉండే మజిల్ బ్రేక్ వాయువును పక్కలకు, వెనక్కు చిమ్మి భుజానికి తగిలే తన్నును తగ్గిస్తుంది. కానీ ఆ మేరకు చప్పుడును, దుమ్మును పక్కవాళ్ల మీదికి నెడుతుంది. అందుకే కాల్చే ముందు నేల మీద తడి గోనెపట్టా పరిచేవాళ్లు ఉన్నారు.

ట్రిగ్గర్ నొక్కాక గుండు వెయ్యి గజాలు చేరడానికి సెకనున్నరకు కాస్త తక్కువ పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమి దాన్ని ఎనిమిది తొమ్మిది మీటర్లు కిందికి లాగుతుంది. దాదాపు మూడంతస్తుల మేడ ఎత్తు. అంటే గురి చూసిన చోటికే గుండు వెళ్లాలంటే గొట్టం అంత ఎత్తుకు చూస్తూ ఉండాలి. స్కోప్ మీది మీటలు తిప్పి ఆ లెక్క సరిచేస్తారు. గురి ఉక్కు పలక అయితే, గుండు తగిలాక ‘ఠంగ్’మన్న శబ్దం వెనక్కి రావడానికి మరో రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది. అంతా కలిపి నాలుగు సెకన్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మనసులో లెక్కపెట్టుకునే ఆ నిశ్శబ్దం కోసమే తిరిగి తిరిగి వస్తామని ఈ ఆట ఆడేవాళ్లు చెబుతారు.

గురుత్వాకర్షణ లెక్క ఎప్పుడూ మారదు. ఒకసారి సరిగ్గా కొలిచి పట్టిక రాసుకుంటే రేపూ దాదాపు అదే. పరీక్ష పెట్టేది గాలి. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తుంటే, వేటకూ పోటీలకూ బాగా వాడే ‘.308’ తూటా వెయ్యి గజాల దగ్గర సుమారు ఎనిమిది అడుగులు పక్కకు పోతుంది. ఫిఫ్టీలో పోటీకి తగిన మంచి గుండు మూడు నాలుగు అడుగులే పోతుంది. బరువెక్కువ, ఆకారం నున్నన, అందుకే గాలికి తక్కువ లొంగుతుంది. పెద్ద తూటాకు మనం కట్టే డబ్బుకు దక్కే అసలు ఫలం ఇదే: గాలి తెచ్చే తప్పు సగానికి తగ్గుతుంది.

సగానికి తగ్గుతుంది, పోదు. మిగిలిన సగాన్ని మనిషే చదవాలి. షూటర్ దగ్గర గాలి ఎడమ నుంచి వీస్తుంటే, నడిమి లోయలో ఎదురు నుంచి, గురి దగ్గర కుడి నుంచి వీయొచ్చు. చెంపకు తగిలేది, దగ్గరి గడ్డిపోచ ఊగేది, దూరపు జెండా ఎగిరేది వేర్వేరు మాటలు చెబుతాయి. ఎండ ఎక్కాక ఎండమావి సాయం చేస్తుంది. స్పాటింగ్ స్కోప్‌లో చూస్తే వేడిగాలి అలలు నేల మీద పారే నీళ్లలా ఒక వైపుకు జరుగుతుంటాయి. అలలు నిటారుగా పైకి ఉడుకుతుంటే గాలి ఆగిందని, లేదా షూటర్ వైపుకో అవతలికో సూటిగా పోతోందని అర్థం. వాలితే ఏ పక్కకు వాలాయో ఆ పక్కకు గాలి. చదునుగా పరుగెడుతుంటే గాలి జోరుగా ఉన్నట్టు. దారిలో ఎండమావి దాహం తీర్చదని మనం చెప్పుకుంటాం. ఇక్కడ దారి చూపించేది అదే.

ఇలా చదివి, లెక్క కట్టి, నమ్మి ట్రిగ్గర్ నొక్కాక ఆ నాలుగు సెకన్లు గడుస్తాయి. ఠంగ్‌మంటే, తన చదువు సరైనదని ప్రకృతే ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. ఏమీ వినిపించకపోతే, ఎక్కడ తప్పామో చెప్పేందుకు కొండవాలు మీద లేచిన దుమ్ము ఉంటుంది. రెండింట్లోనూ నేర్చుకునేది ఉంది. ఈ ఆట ఆనందమంతా ఆ చోటే ఉంది.

డబ్బు ఎక్కడ పోతుంది?

ముందు రైఫిల్. ఒక్కోసారి ఒక్క తూటా మాత్రమే పెట్టి కాల్చే సాదా ఫిఫ్టీ రైఫిల్ రెండున్నర వేల నుంచి నాలుగు వేల డాలర్లలో దొరుకుతుంది. బ్యారెట్ వారి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తొమ్మిది వేల డాలర్లకు పైమాటే. ఇంత తన్నును తట్టుకుని, మీట తిప్పిన ప్రతిసారీ ఒకే కొలత జరిగే స్కోప్‌కు మరో రెండు మూడు వేలు పెట్టుకోవాలి.

ఇవి ఒక్కసారి పెట్టే డబ్బు. రోజూ కరిగేది తూటాల్లోనే. ఒక ఉదయం నలభై షాట్లు, షాట్‌కు ఆరు డాలర్ల చొప్పున 240 డాలర్లు. మన డబ్బుల్లో ఇరవై వేల రూపాయలు దాటిపోతుంది. అవే నలభై షాట్లు చిన్న ‘.22’ రైఫిల్‌తో కాలిస్తే నాలుగు డాలర్ల దగ్గర తేలుతుంది.

అందుకే చాలామంది తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. దీన్ని రీలోడింగ్ అంటారు. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు గుండు. కాల్చాక మిగిలే ఇత్తడి తొడుగును సరిచేసి మళ్లీ మళ్లీ వాడొచ్చు. మిగతా మూడూ కొత్తవి కావాలి. మందును కొలిచేది గ్రెయిన్లలో. మన కంసాలులు ఒకప్పుడు గురివింద గింజలతో బంగారం తూచినట్టే, ఇంగ్లండులో బార్లీ గింజ బరువు నుంచి పుట్టిన కొలత ఇది. ఒక గురివింద రమారమి రెండు గ్రెయిన్లు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఫిఫ్టీ తూటాకు సుమారు 230 గ్రెయిన్లు, అంటే 15 గ్రాముల మందు పడుతుంది. ఇప్పటి లెక్కలో తులమున్నర. కాబట్టి పౌను డబ్బా తెరిస్తే ముప్పై షాట్లకు ఖాళీ. దూరపు పోటీల్లో ఈ రోజుల్లో బాగా వాడే ‘6.5 క్రీడ్‌మూర్’ తూటాకు సుమారు 42 గ్రెయిన్లు చాలు. అదే డబ్బా నూట అరవై షాట్లకు పైగా వస్తుంది. ఫిఫ్టీ తూటా మామూలు రీలోడింగ్ ప్రెస్‌లో పట్టదు కాబట్టి పెద్ద ప్రెస్, పెద్ద అచ్చులు విడిగా కొనాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొదుపు కోసం మొదలుపెట్టే ఈ పనిలో తొందర పనికిరాదు. మందు రకం మారినా, కొలత మించినా రైఫిలే పగిలిపోయే ప్రమాదం ఉంది. తయారీదారులు అచ్చువేసిన పట్టిక దాటి ఒక్క గ్రెయిన్ కూడా పోకూడదు. బల్ల మీద ఒకసారికి ఒకే రకం మందు డబ్బా ఉండాలి.

కనిపించని ఖర్చులూ ఉన్నాయి. గొట్టం అరుగుతుంది. కొన్ని వేల షాట్ల తర్వాత దాని గురి సడలి మార్చాల్సి వస్తుంది. వెయ్యి గజాల రేంజ్ ఊరికొకటి ఉండదు. ఉన్నవాటిలోనూ ఉక్కు పలకలు పాడవుతాయని ఫిఫ్టీని రానివ్వనివి చాలా ఉన్నాయి. గురి తప్పిన గుండు ఆరు కిలోమీటర్లకు పైగా పోగలదు కాబట్టి వెనక కొండ అడ్డంగా ఉన్న చోటే కాల్చాలి. అలాంటి చోటికి ప్రయాణం, పెట్రోలు, రాత్రికి గది, ఇవన్నీ తూటా ధరలో కలుపుకోవాల్సినవే.

చట్టం గీసిన గీతలు

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం అరంగుళం దాటిన గొట్టమున్న తుపాకులను, వేటకూ ఆటకూ వాడే కొన్నింటిని మినహాయించి, విధ్వంసక ఆయుధాల కింద లెక్కవేస్తారు. ఫిఫ్టీ సరిగ్గా ఆ గీత మీదే ఉంది. కాబట్టి చాలా రాష్ట్రాల్లో మామూలు రైఫిల్‌లాగే కొనొచ్చు. కాలిఫోర్నియా మాత్రం 2005 నుంచి దాని అమ్మకాన్ని నిషేధించింది. తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. పలుచని కవచాలను చీల్చగల, మైలు దాటి కొట్టగల ఆయుధం పౌరుల చేతిలో ఉండకూడదన్నది వాళ్ల వాదన. ఇంత బరువైన, ఇంత ఖరీదైన రైఫిల్‌తో నేరాలు జరిగేది బహు అరుదన్నది షూటర్ల జవాబు. రెండు వాదనలనూ తేలిగ్గా కొట్టిపారేయలేం.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. హెచ్1బీ, విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతిలో ఉంచుకోవడాన్ని కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. అక్కడి రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితుడు రేంజ్‌కి తీసుకెళ్లి ‘ఒక్కసారి కాల్చి చూడు’ అన్నా ఈ నియమం వర్తించవచ్చు. సరదా కోసం వెళ్లి వీసాను చిక్కుల్లో పెట్టుకోకూడదు. ముందు న్యాయవాదిని అడగడం మేలు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లు చట్టబద్ధంగా కొనుక్కోవచ్చు. మన దేశంలో మాత్రం ఫిఫ్టీ సైన్యం చేతిలోని ఆయుధమే. పౌరులకు లైసెన్సు దొరికేది కాదు.

చిన్న తూటాతో అదే చదువు

కొత్తగా ఈ ఆట మీద మనసు పడినవాళ్లకు నా సలహా ఒకటే. ఫిఫ్టీతో మొదలుపెట్టకండి. పైన చెప్పిన గాలి లెక్క మళ్లీ చూడండి. పది సెంట్ల ‘.22’ తూటా 200 గజాల దగ్గర అదే 16 కిలోమీటర్ల గాలికి దాదాపు అడుగున్నర పక్కకు పోతుంది. దూరాన్ని ఐదింతలు చేసి అదే వాలును లెక్కవేస్తే వెయ్యి గజాలకు ఏడున్నర అడుగులు. ‘.308’ వెయ్యి గజాల దగ్గర పోయేది సుమారు ఎనిమిది. అంటే 200 గజాల రేంజ్‌లో చిన్న రైఫిల్ పట్టుకున్న మనిషి, వెయ్యి గజాల గాలి పాఠాన్నే చదువుతున్నాడు. అమెరికాలో ‘.22’తోనే ఇలాంటి పోటీలు ఇప్పుడు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదీ గగన్ నారంగ్, ‘.22’తో యాభై మీటర్ల పోటీల్లోనూ దేశానికి ఆడారు. గాలిని చదివే విద్యకు ఆ తూటా తక్కువదేమీ కాదు.

ఒక చిన్న నోటు పుస్తకం కొనుక్కోండి. ప్రతి షాట్‌కూ ముందు గాలి ఎటు నుంచి, ఎంత జోరు అని మీరనుకున్నది రాయండి. షాట్ తర్వాత గుండు నిజంగా ఎక్కడ పడిందో దాని పక్కనే రాయండి. మొదటి నెల రెండు గళ్ల మధ్యా చాలా తేడా ఉంటుంది. వారం వారం రాస్తూ పోతే ఆ తేడా తగ్గడం మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. అవి దగ్గరైన రోజున కూడా పెద్ద రైఫిల్ మీద మనసుంటే, అప్పుడు కొనండి. ఆ ఖరీదైన తూటాల్లో ఒక్కటి కూడా వృథాగా పోదు.