అవ్వ చెయ్యి చూసి

కోయంబత్తూరు నుంచి సత్యమంగలం పోయే దారిలో ఉంది అన్నూరు. దాని చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు భాష బడి నుంచి రాలేదు. విజయనగర, మధుర నాయక రాజుల కాలంలో వచ్చి కొంగునాట స్థిరపడ్డవారి సంతతి ఇక్కడ ఎంతో ఉంది. వీళ్లకు బయట తమిళం, ఇంట్లో తెలుగు. 2006 నాటి చట్టం తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది గానీ, అంతకుముందు కూడా ఈ పల్లెల్లో చదువు చాలామందికి తమిళంలోనే సాగింది. ధారాళంగా తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేనివారు అందుకే ఇంతమంది. మరి పలక, పుస్తకం లేకుండా ఈ మాట ఇన్ని తరాలు ఎలా నిలిచింది? ఒడిలోని బిడ్డ పెద్దల్ని చూసి, విని, అలాగే చేసి నేర్చుకుంటుంది కాబట్టి అంటాం. అది సగమే నిజం. బిడ్డ మనల్ని అనుకరించడానికి ముందు మనం బిడ్డను అనుకరిస్తున్నాం. నా దృష్టిలో అసలు చదువు మొదలయ్యేది అక్కడే.

పుట్టుకతోనే బిడ్డకు అనుకరించే విద్య వస్తుందని చాలాకాలం నమ్మారు. 1977లో అమెరికాలో ఆండ్రూ మెల్ట్‌జాఫ్, కీత్ మూర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు మూడు వారాల పసికందుల ముందు నాలుక చాపితే వాళ్లూ చాపారని ప్రకటించారు. 1983లో వాళ్లు పరీక్షించిన శిశువుల్లో ఒకరి వయసు 42 నిమిషాలే. చాలా పాఠ్యపుస్తకాలు దీన్ని ఎత్తుకున్నాయి. కానీ 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు 106 మంది శిశువులను తొమ్మిది వారాల వయసు వరకు నాలుగుసార్లు పరీక్షించి చూస్తే, ఎదుటివాళ్లు నాలుక చాపినా, మరో పని చేసినా బిడ్డ నాలుక చాపడం ఒకేలా ఉంది. మెల్ట్‌జాఫ్ బృందం ఆ లెక్కలను తప్పుపట్టింది, వాదం ఇంకా తెగలేదు. నాకు మాత్రం సిసిలియా హేస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వేసిన ప్రశ్నే కీలకమనిపిస్తుంది. తన ముఖం తనకు కనబడని బిడ్డ, అవ్వ నోరు తెరవడమూ తాను నోరు తెరవడమూ ఒకటేనని ఎలా తెలుసుకుంటుంది? అవ్వ ముఖమే దానికి అద్దం. బిడ్డ ఆవలిస్తే అవ్వా నోరు తెరుస్తుంది, బిడ్డ ‘ఉంగా’ అంటే అదే రాగంతో ‘ఉంగా’ అంటుంది, బిడ్డ మూతి ముడిస్తే తానూ ముడుస్తుంది. రోజూ లెక్కలేనన్నిసార్లు జరిగే ఈ పనిని మనం ముద్దు అంటాం గానీ పాఠం అనం.

అనుకరణంటే గుడ్డిగా చేసినదే చేయడం, అందులో తెలివేముందని ఎవరైనా అడగవచ్చు. మెల్ట్‌జాఫ్ 1995లో పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక పెద్దమనిషి చేత చిన్న డంబెల్‌ను రెండు ముక్కలుగా లాగించబోయాడు. అతను కావాలనే చెయ్యి జార్చాడు. పిల్లలు ఆ జారడాన్ని అనుకరించలేదు, నేరుగా లాగి విడదీశారు. అదే పని యంత్రపు చేతులు చేయబోయి విఫలమైనప్పుడు పిల్లలు అలా పూర్తి చేయలేదు. 2002లో హంగరీకి చెందిన గెర్గెయ్ బృందం పద్నాలుగు నెలల పిల్లలకు నుదుటితో దీపాన్ని నొక్కి వెలిగించి చూపించింది. ఆ మనిషి చేతులు ఖాళీగా బల్ల మీద ఉన్నప్పుడు 69 శాతం మంది పిల్లలు తామూ నుదురే వాడారు. చలేస్తున్నట్టు రెండు చేతులతో దుప్పటి పట్టుకున్నప్పుడు 21 శాతమే. ‘పాపం, చేతులు ఖాళీ లేవు, నాకున్నాయి కదా’ అని ఆలోచించినట్టే ఉంది. దీనికీ అభ్యంతరం వచ్చింది. చేతులు బల్ల మీద ఉన్న మనిషిని చూస్తే తామూ చేతులు ఆనించి వంగడం పిల్లలకు సులువు, అందులో తర్కమేమీ లేదన్నారు కొందరు. ఆ అనుమానం న్యాయమైనదే, కానీ డంబెల్ ప్రయోగానికి అది వర్తించదు.

ప్రయోగాల నుంచి ఇంటికి వస్తే, కోయంబత్తూరు గ్రైండర్లకు పుట్టిల్లు. తిరిగే రాళ్ల పక్కన అవ్వ తడిచేత్తో పిండిని లోపలికి తోస్తుంటే, ఏడాది బిడ్డ ఖాళీ గిన్నెలో అరచెయ్యి గుండ్రంగా తిప్పడం ఎవరూ నేర్పిన పని కాదు. 1993లో బార్బరా రోగాఫ్ బృందం రాజస్థాన్‌లోని ఢోల్-కీ-పట్టీ అనే గిరిజన గ్రామం పిల్లలను, గ్వాటెమాలా, టర్కీ, అమెరికా పిల్లలను పోల్చి చూసింది. పెద్దల పనుల మధ్యే పెరిగే ఢోల్-కీ-పట్టీ, గ్వాటెమాలా పిల్లలు ఒకేసారి రెండు మూడు పనుల మీద దృష్టి నిలపగలిగారు. మరి పెద్దల పనిని తెర మీద చూపిస్తే సరిపోదా? 1999లో బార్, హేన్ అనే పరిశోధకులు చూస్తే, ఎదురుగా మనిషి చేసి చూపినంతగా టీవీలో చూసిన పనిని ఒకటిన్నర ఏడాది లోపు పిల్లలు అందుకోలేదు. ఏడాది లోపు బిడ్డకు తెరే చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెర బిడ్డకు తిరిగి ‘ఉంగా’ అనదు.

భాష అనుకరణ ఒక్కదానితో రాదన్న మాట ఒప్పుకోవలసిందే. ఎవరూ అనని వాక్యాలు పిల్లలు అంటారు, వ్యాకరణం లోపల వాళ్లే కట్టుకుంటారు. అయితే ఎవరి నుంచి నేర్చుకోవాలో ముందే ఎంచుకుంటున్నారు. 2013లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో పద్నాలుగు నెలల పిల్లలు తమ ఇంటి భాషలో కథ చెప్పిన మనిషి చేష్టలనే, పరాయి భాష మాట్లాడిన మనిషి చేష్టలకన్నా ఎక్కువ అనుకరించారు. అన్నూరు బిడ్డకు తమిళం పరాయిది కాదు, ఊయలలో ఉన్నప్పుడే వీధిలోంచి, పక్కింట్లోంచి వినబడుతుంది. అందుకే తమిళం వల్ల ఇంటి తెలుగు పోతోందన్న ఫిర్యాదును నేను నమ్మను. ఆ రెండూ ఇన్ని వందల ఏళ్లు ఒకే నోట్లో బతికాయి. నా భయం వేరు. తల్లిదండ్రులిద్దరూ మిల్లు షిఫ్టులకు పోయి, అవ్వ వేరే ఊళ్లో ఉండి, బిడ్డ చేతికి ఫోను వచ్చిన ఇంట్లో బిడ్డ ‘ఉంగా’కు బదులు పలికేవాళ్లు ఉండరు. అక్కడ తెలుగే కాదు, తమిళం రావడమూ కష్టమే.