రిమోటుతో నడిచే మిలట్రీ లారీ

తిరునాళ్లలో తాడు కట్టి లాగే లారీ బొమ్మను మీరు చూసే ఉంటారు. కీ ఇస్తే పరుగెత్తే కారునూ చూసి ఉంటారు. ఇప్పుడు తాడు లేదు, కీ లేదు. పిల్లవాడు చేతిలో రిమోటు పట్టుకుని దూరంగా నిలబడతాడు. లారీ ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, పక్కకు తిరుగుతుంది. అలాంటి బొమ్మల్లో ఆకుపచ్చ రంగు వేసి, వెనక గుడ్డ టాపు కప్పిన మిలట్రీ లారీ ఒకటి. దానికి ఆరు ఇరుసు చివర్లు. ఆరు చోట్లా చక్రాలు తిరుగుతాయి.

ఈ బొమ్మ ధర తక్కువేమీ కాదు. కొన్ని రోజుల కూలి డబ్బు దానికి పోతుంది. అందుకని అది ఎలా నడుస్తుందో, మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలో, ఇంట్లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలిసి ఉండాలి. పెట్టె మీద అంకెలు చదవగలిగిన వాళ్లను మోసం చేయడం కష్టం.

అసలు లారీ కథ

బొమ్మ సంగతి తెలియాలంటే ముందు అసలు లారీ సంగతి తెలియాలి.

రెండో ప్రపంచ యుద్ధం 1939 నుంచి 1945 దాకా జరిగింది. ఆ కాలంలో అమెరికాలో జి.ఎం.సి. అనే కంపెనీ ఒక మిలట్రీ లారీని తయారు చేసింది. 1941 నుంచి 1945 లోపల అలాంటి లారీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. రోడ్డు లేని చోట కూడా రెండున్నర టన్నుల బరువు మోసేలా దాన్ని చేశారు. సిపాయిలు దాన్ని ముద్దుగా 'జిమ్మీ' అని పిలిచేవాళ్లు.

ఈ లారీకి కంపెనీ పెట్టిన పేరు నాలుగు అక్షరాలు. సి, సి, కె, డబ్ల్యు. ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం ఉంది. మొదటి 'సి' అంటే 1941లో రూపు దిద్దుకున్నది. రెండో 'సి' అంటే మామూలు రకం డ్రైవరు క్యాబిన్. 'కె' అంటే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుంది. 'డబ్ల్యు' అంటే వెనక రెండు ఇరుసులకూ బలం అందుతుంది. చూశారా? నాలుగు అక్షరాలు చదివితే లారీ గుట్టంతా తెలిసిపోయింది.

1944లో ఫ్రాన్సు దేశంలో సైన్యం వేగంగా ముందుకు పోయింది. వెనక నుంచి పెట్రోలు, తిండి, మందుగుండు అందడం కష్టమయింది. రైలు పట్టాలు బాంబులతో పాడయిపోయాయి. అప్పుడు ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు లారీలు రాత్రింబవళ్లు సరుకు చేరవేశాయి. ఈ ఏర్పాటును 'రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్' అన్నారు. బాగా జోరుగా సాగిన రోజుల్లో దాదాపు 6 వేల బండ్లు తిరిగాయి. ఆ డ్రైవర్లలో నూటికి 75 మంది దాకా నల్లజాతి వాళ్లు. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో వాళ్లను తెల్లవాళ్లతో కలవనిచ్చేవాళ్లు కాదు. అయినా సైన్యానికి అన్నం పెట్టింది వాళ్లు తోలిన లారీలే.

ఆరు చక్రాల బలం

బురదలో దిగబడ్డ ఎడ్లబండిని ఎలా బయటికి తీస్తాం? ముందు ఎడ్లు లాగుతాయి. వెనక నలుగురు పడతారు. పక్కన ఇద్దరు చక్రం ఆకులు పట్టుకుని తిప్పుతారు. అన్ని వైపులా బలం పడితేనే బండి కదులుతుంది. మిలట్రీ లారీలోనూ ఇదే కిటుకు. మామూలు లారీకి వెనక చక్రాలకే ఇంజను బలం. మిలట్రీ లారీకి ముందూ వెనకా అన్నిటికీ బలం. ఒకటి జారినా మిగతావి పట్టు ఇస్తాయి. మంచి బొమ్మ లారీలో కూడా ఒకే మోటారు మూడు ఇరుసులనూ తిప్పుతుంది.

మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, కానీ దానికి బలం తక్కువ. అందుకని మధ్యలో పళ్ల చక్రాలు పెడతారు. వీటినే గేర్లు అంటాం. 10 పళ్ల చక్రం 40 పళ్ల చక్రాన్ని తిప్పుతోంది అనుకోండి. చిన్నది 4 చుట్లు తిరిగితే పెద్దది 1 చుట్టు తిరుగుతుంది. వేగం నాలుగో వంతుకు తగ్గింది. బలం దాదాపు నాలుగింతలు పెరిగింది.

16వ వంతు అంటే ఎంత?

ఇలాంటి బొమ్మల పెట్టె మీద 1:16 అని రాసి ఉంటుంది. అంటే బొమ్మ పొడవు అసలు లారీ పొడవులో 16వ వంతు. జిమ్మీ లారీల్లో పెద్ద రకం పొడవు సుమారు ఆరున్నర మీటర్లు, అంటే 650 సెంటీమీటర్లు. దాన్ని 16తో భాగిస్తే సుమారు 40 సెంటీమీటర్లు వస్తుంది. మూరకు కొంచెం తక్కువ.

మరి బరువు? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 16వ వంతుకు తగ్గుతాయి. కాబట్టి 16ను మూడుసార్లు గుణించాలి. 16 ఇంటూ 16 ఇంటూ 16 అంటే 4,096. అసలు లారీ 4,096 కిలోలు ఉంటే బొమ్మ 1 కిలో ఉంటే చాలు.

వేగం లెక్క కూడా చూద్దాం. జిమ్మీ లారీ గంటకు 72 కిలోమీటర్ల దాకా పోయేది. అందులో 16వ వంతు 4.5 కిలోమీటర్లు. అంటే మనిషి నడక వేగం. కాబట్టి మిలట్రీ లారీ బొమ్మ మన పక్కన నడిచినట్టు పోతే అది సరైన వేగమే. రేసు కారులా పరుగెత్తలేదని దాన్ని తప్పు పట్టకూడదు. ఎద్దుకు గుర్రపు పరుగు పందెం పెడతామా?

కబురు ఎలా పోతుంది?

తీగ లేకుండా బండిని నడపడం కొత్త సంగతి కాదు. నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త 1898లో న్యూయార్క్ నగరంలో ఒక చిన్న పడవను రేడియో అలలతో నడిపి జనానికి చూపించాడు.

రిమోటులో మీట నొక్కగానే రేడియో అల బయలుదేరుతుంది. అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. లారీలోని చిన్న సర్క్యూటు ఆ కబురు అందుకుంటుంది. ముందుకు అంటే పెద్ద మోటారుకు కరెంటు పంపుతుంది. పక్కకు అంటే ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారుకు పంపుతుంది.

పాత రకం బొమ్మల్లో రెండు బండ్లు ఒకే రేడియో లెక్క మీద ఉంటే ఒకరి రిమోటుకు ఇంకొకరి బండి కదిలేది. ఇప్పటి వాటి మీద 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. ఇందులో రిమోటూ బండీ ముందే జత కడతాయి. తల్లి గొంతును దూడ గుర్తు పట్టినట్టు తన రిమోటు మాటే వింటుంది.

నడిపే పద్ధతి

సాధారణంగా ముందు రిమోటు స్విచ్చి వేయాలి, తర్వాత లారీ స్విచ్చి వేయాలి. ఆపేటప్పుడు ముందు లారీని ఆపాలి, తర్వాత రిమోటును ఆపాలి. పెట్టెలోని కాగితంలో వేరేగా రాసి ఉంటే ఆ ప్రకారమే చేయాలి.

మొదట మీటను నెమ్మదిగా కదపండి. ఒక్కసారిగా ముందుకు, వెంటనే వెనక్కి నొక్కితే గేరు పళ్లు విరుగుతాయి. లారీ మీ వైపుకు వస్తుంటే కుడి ఎడమలు తారుమారయినట్టు ఉంటాయి. అప్పుడు మీరే లారీలో కూర్చున్నట్టు అనుకోండి, చెయ్యి సరిగా తిరుగుతుంది. రోడ్డు మీద, బావి దగ్గర, పొయ్యి దగ్గర నడపనివ్వకండి. నీళ్లలోకి పోనివ్వకండి.

మేం పెట్టిన పరీక్ష

మా కేంద్రంలో చదువుకునే ఒకాయన తన కొడుక్కి కొన్న లారీని తెచ్చారు. అందరం కలిసి దానికి పరీక్ష పెట్టాం. నాలుగు పరీక్షలు, ఒక్కోదానికి 5 మార్కులు.

మొదటిది వేగం. నేల మీద 10 మీటర్లు కొలిచి గీత గీశాం. మన లెక్క ప్రకారం 8 సెకన్లు పట్టాలి. లారీకి 7 సెకన్లు పట్టింది. కాకపోతే ఎడమ పక్కకు లాగింది. రిమోటు మీది చిన్న బిరడా తిప్పితే తిన్నగా పోయింది. 4 మార్కులు.

రెండోది ఇసుక. పొడి ఇసుకలో తిన్నగా బాగానే పోయింది. బాగా మలుపు తిప్పితే కొంచెం దిగబడింది. వెనక్కి నడిపితే బయటికి వచ్చింది. 4 మార్కులు.

మూడోది బరువు, ఎత్తు. అర కిలో పప్పు పొట్లం వేసి ఏటవాలు పలక మీద ఎక్కించాం. ఎక్కింది. కిలో ఉప్పు పొట్లం వేస్తే సగంలో ఆగి, గేర్లు కటకటమన్నాయి. వెంటనే ఆపేశాం. 3 మార్కులు.

నాలుగోది ఓపిక. 20 నిమిషాల తర్వాత బండి మందగించింది. మోటారు దగ్గర చెయ్యి పెడితే వేడిగా ఉంది. ముందు చక్రం స్క్రూ ఒకటి వదులయింది. 3 మార్కులు.

మొత్తం 20కి 14. పాసయింది. అయితే స్క్రూలు బిగిస్తూ, అర కిలో కంటే ఎక్కువ బరువు వేయకుండా, మధ్యలో చల్లారనిచ్చి ఆడుకోవాలని తేల్చాం.

బ్యాటరీతో భద్రం

ఈ లారీల్లో చాలావాటికి లిథియం బ్యాటరీ ఉంటుంది. ఒక్కో సెల్లు 3.7 వోల్టులు. రెండు కలిస్తే 7.4 వోల్టులు. దీనిలో శక్తి ఎక్కువ. తేడా వస్తే అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకని ఈ మాటలు గుర్తు పెట్టుకోండి.

దానితో ఇచ్చిన ఛార్జరుతోనే ఛార్జి చేయాలి.
పెద్దవాళ్లు మేలుకుని, దగ్గర ఉన్నప్పుడే ఛార్జి పెట్టాలి.
మంచం మీద, గడ్డి దగ్గర, గుడ్డల మీద పెట్టకూడదు.
నడిపిన వెంటనే ఛార్జి పెట్టకూడదు. చల్లారనివ్వాలి.
బ్యాటరీ ఉబ్బితే ఇక వాడకూడదు. పొడవకూడదు, నిప్పులో వేయకూడదు.

ఛార్జికి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టవచ్చు. బ్యాటరీ మీద 1000, ఛార్జరు మీద 500 మిల్లీ ఆంపియర్లు అని ఉంటే 1000ని 500తో భాగించండి. 2 గంటలు. కొంచెం అటూ ఇటూ అవుతుంది.

పెట్టె మీద ఏం చదవాలి?

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. కరెంటుతో, బ్యాటరీతో నడిచే బొమ్మలకు ఐ.ఎస్. 15644 అనే అంకె ఉండాలి. పెట్టె మీద ఆ గుర్తు, ఆ అంకె వెతకండి.

వయసు అంకె కూడా చూడండి. 14+ అని ఉంటే అది చిన్న పిల్లల కోసం చేసింది కాదు. ఆరేళ్ల పిల్లవాడికి అది కొనకూడదు. అంగడివాడు "ఏం పర్లేదు తీసుకోండి" అన్నా మీరు అంకెనే నమ్మండి. బ్యాటరీ వోల్టులు, విడి భాగాలు దొరుకుతాయా లేదా అడగండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. చెడిపోతే అడగడానికి బిల్లు మనకు సాక్ష్యంగా ఉంటుంది.

ఆలోచించండి, చర్చించండి

1. అసలు లారీ పొడవు 8 మీటర్లు అయితే 16వ వంతు బొమ్మ ఎన్ని సెంటీమీటర్లు ఉంటుంది?
2. బురదలో దిగబడ్డ బండికి అన్ని చక్రాలకూ బలం అందితే లాభం ఏమిటి?
3. రాత్రి అందరూ పడుకున్నాక బ్యాటరీ ఛార్జి పెట్టవచ్చా? ఎందుకు?
4. మీ ఇంట్లో ఉన్న ఏదైనా పెట్టె తీసుకోండి. దాని మీది గుర్తులు, అంకెలు చదివి పలక మీద రాయండి.