జాంగో అప్‌గ్రేడ్ తర్వాత మైగ్రేషన్ ఎర్రర్లు: ఫేక్ కొట్టే ముందు ఈ ఎపిసోడ్ చూడండి

కూకట్‌పల్లి నుంచి ఇంకో ఎపిసోడ్. టాపిక్ మీరు అడిగిందే. "అన్నా, జాంగో వర్షన్ మార్చాను, మైగ్రేట్ కొడితే ఎర్రర్ వస్తోంది, ఏం చేయాలి" అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. అందరికీ విడివిడిగా జవాబు ఇవ్వడం నావల్ల కాదు. అందుకే ఒక్క కేసు తీసుకుని మొత్తం విప్పి చూపిస్తా. మెట్రోలో చూస్తున్నవాళ్లు అమీర్‌పేట్‌లో రైలు మారేలోపు సగం అయిపోతుంది, మిగతా సగమే ముఖ్యం, మధ్యలో ఆపకండి.

కేపీహెచ్‌బీలో ఒక లేడీస్ హాస్టల్ ఉంది. మన వీడియోలు చూసే ఒక తమ్ముడు 2019లో బీటెక్ ప్రాజెక్టుగా చేసిన యాప్‌నే వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. ఎవరు ఏ రూమ్, ఏ బెడ్, ఈ నెల ఫీజు కట్టారా, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, అన్నీ అందులోనే. ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉన్నవాళ్లకి అడ్వాన్స్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఖాళీ చేసే రోజు గొడవంతా దాని దగ్గరే. ఓనర్ ఆంటీ కాగితం రిజిస్టర్ రాయడం ఎప్పుడో మానేశారు. అంటే 112 మంది ఇచ్చిన అడ్వాన్స్‌కి లెక్క ఆ డేటాబేస్‌లో ఉన్న ఒక్క కాలమే.

యాప్ జాంగో 2.2 మీద ఉంది, కింద మైఎస్‌క్యూఎల్ 5.7. జాంగో 2.2కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. మైఎస్‌క్యూఎల్ 5.7 కథ 2023 అక్టోబర్‌తో ముగిసింది. హోస్టింగ్ వాళ్లు పాత డేటాబేస్ తీసేస్తున్నాం అని మెయిల్ పెట్టారు. తమ్ముడు ఒక్క రాత్రిలో మైఎస్‌క్యూఎల్ 8, జాంగో 4.2 రెండూ ఎక్కించేశాడు. ఎలాగూ అప్‌గ్రేడ్ చేస్తున్నాం కదా అని ఎప్పట్నుంచో అనుకుంటున్న ఒక టేబుల్ మార్పు కూడా అందులోనే కలిపేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తాం.

ఎర్రర్లలోకి వెళ్లే ముందు రెండు నిమిషాలు బేసిక్. జాంగోలో మీ టేబుళ్ల గురించి మూడు చోట్ల రాసి ఉంటుంది. మోడల్స్ ఫైల్‌లో మీకు ఏం కావాలో ఉంటుంది. మైగ్రేషన్స్ ఫోల్డర్‌లో 0001, 0002 అంటూ అక్కడికి చేరడానికి వేసిన అడుగులు ఉంటాయి. మూడోది అసలు డేటాబేస్. ఆ డేటాబేస్‌లోనే జాంగో అండర్‌స్కోర్ మైగ్రేషన్స్ అని ఒక చిన్న టేబుల్ ఉంటుంది. తెరిచి చూడండి, యాప్ పేరు, ఫైల్ పేరు, ఏ టైమ్‌కి నడిచింది, అంతే ఉంటుంది. ఏ కాలమ్ పెట్టాం, ఏది తీశాం అనే వివరం ఏమీ ఉండదు.

మైగ్రేట్ కొట్టినప్పుడు జాంగో మీ టేబుల్ దగ్గరికి వెళ్లి ఏ కాలమ్స్ ఉన్నాయో చూడదు. ఆ చిన్న టేబుల్‌లో ఏ పేర్లు ఉన్నాయో చూసి, లేనివి నడుపుతుంది. ఊళ్లో పొలం ఉన్నవాళ్లకి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. పహాణీలో రెండెకరాలు అని ఉంటుంది, గొలుసు పట్టి కొలిస్తే ఎకరం ముప్పై గుంటలే వస్తుంది. జాంగో పొలం కొలవదు, పహాణీ చూసి సంతకం పెడుతుంది. మైగ్రేషన్ ఎర్రర్లలో చాలావరకు రికార్డుకీ పొలానికీ తేడా వచ్చినవే. కాబట్టి ఎర్రర్ కనిపించగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మూడింటిలో ఏ రెండు ఒకదానితో ఒకటి కలవడం లేదు?

ఇప్పుడు తమ్ముడి మొదటి ఎర్రర్. ఫీల్డ్స్ డాట్ ఈ903, నల్ బూలియన్ ఫీల్డ్ తీసేశారు అంటోంది. ఇది తేలిక. ఆ ఫీల్డ్‌ని 3.1లోనే వద్దని చెప్పి 4.0లో తీసేశారు. మోడల్స్‌లో దాని బదులు బూలియన్ ఫీల్డ్, బ్రాకెట్లో నల్ ఈక్వల్స్ ట్రూ అని రాస్తే సరి. పాత మైగ్రేషన్ ఫైళ్లలో ఆ పేరు అలాగే ఉండనివ్వండి. పాత ఫైళ్లు నడవడం కోసమే జాంగో వాళ్లు ఆ పేరుని లోపల ఉంచారు. ఎర్రర్ మెసేజ్‌లోనే ఆ మాట రాసి ఉంటుంది, ఎవరూ చివరిదాకా చదవరు. పాత మైగ్రేషన్ ఫైల్‌ని చేత్తో దిద్దాల్సిన సందర్భం నాకు గుర్తున్నంతలో పెద్దది ఒకటుంది. జాంగో 2.0లో ఫారిన్ కీకి ఆన్ డిలీట్ తప్పనిసరి చేసినప్పుడు పాత ఫైళ్లలోనూ అది చేర్చాల్సి వచ్చింది. 1.11 మీద ఇంకా ప్రాజెక్టు నడుపుతున్నవాళ్లకి అది తగులుతుంది.

రెండోది ఎర్రర్ కూడా కాదు, వార్నింగ్. మోడల్స్ డాట్ డబ్ల్యూ042. ప్రైమరీ కీ ఏ టైపో మీరు చెప్పలేదు అంటుంది. 3.2 నుంచి ఇది వస్తోంది. నెట్‌లో వెతికితే డిఫాల్ట్ ఆటో ఫీల్డ్‌కి బిగ్ ఆటో ఫీల్డ్ పెట్టండి అని ఉంటుంది, మనవాడు అదే పేస్ట్ చేశాడు. వార్నింగ్ పోయింది. తర్వాత మేక్‌మైగ్రేషన్స్ కొడితే ప్రతి టేబుల్ ఐడీనీ పెద్ద ఇంటీజర్‌గా మార్చే ఫైళ్లు వరసగా పుట్టాయి. అందులో ఒకటి మనవాడి కోడ్‌లో కూడా లేదు. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్న ఒక ప్యాకేజీ ఫోల్డర్‌లో, సైట్ ప్యాకేజెస్ లోపల పుట్టింది. ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే నడిచింది. సర్వర్‌లో పెట్టగానే నోడ్ నాట్ ఫౌండ్ ఎర్రర్. మీ మైగ్రేషన్ ఆధారపడిన ఇంకో మైగ్రేషన్ లేనే లేదు అంటోంది. నిజమే కదా, ఆ ఫైల్ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది, గిట్‌లోకి రాలేదు.

దీనికి మందు చాలా చిన్నది. పాత ప్రాజెక్టు అయితే ఆ సెట్టింగ్‌లో మామూలు ఆటో ఫీల్డ్ అనే పెట్టండి. మామూలు ఇంటీజర్ 214 కోట్ల పైదాకా లెక్కపెడుతుంది. 112 బెడ్ల హాస్టల్‌కి అది ఏ జన్మకి నిండుతుంది చెప్పండి. వార్నింగ్ పోతుంది, ఒక్క టేబుల్ కూడా కదలదు. పైగా జాంగో 6.0 నుంచి ఏమీ రాయకపోతే బిగ్ ఆటో ఫీల్డే డిఫాల్ట్. అందుకే ఇప్పుడే స్పష్టంగా రాసి పెట్టుకోవడం మంచిది. ఈ పొరపాటు మీకూ అయి ఉంటే, ల్యాప్‌టాప్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తీసేసి కొత్తది పెట్టుకోండి. ఇంకా సర్వర్‌కి వెళ్లని ఆ మైగ్రేషన్ ఫైళ్లు తీసేయండి. లోకల్ డేటాబేస్‌ని సర్వర్ కాపీ నుంచి మళ్లీ తెచ్చుకోండి.

ఇక మూడోది. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణమే ఇది.

అడ్వాన్స్ కాలమ్ మొదట్లో టెక్స్ట్‌గా ఉండేది. దాన్ని నంబర్ చేద్దామని మనవాడు రెండు మైగ్రేషన్లు రాశాడు. 0014లో అడ్వాన్స్ అమౌంట్ అని కొత్త నంబర్ కాలమ్ చేరుతుంది, డిఫాల్ట్ సున్నా. అదే ఫైల్‌లో రన్ పైథాన్ అనే అడుగు పాత కాలమ్‌లోంచి విలువలు చదివి కొత్తదాంట్లోకి వేస్తుంది. 0015 పాత కాలమ్‌ని తీసేస్తుంది. ఆలోచన బాగానే ఉంది. సర్వర్‌లో నడిపాడు. 0014 మధ్యలో ఆగిపోయింది. ఎందుకంటే ఆంటీ ఒకరి దగ్గర 5000 పక్కన గీత, డ్యాష్ కొట్టారు. ఇంకొకరి దగ్గర "నెక్స్ట్ మంత్ ఇస్తానంది" అని రాశారు. టెక్స్ట్ బాక్స్ ఇస్తే మనుషులు టెక్స్టే రాస్తారు మరి.

ఇక్కడ మైఎస్‌క్యూఎల్ సంగతి తెలియాలి. పోస్ట్‌గ్రెస్ అయితే మైగ్రేషన్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది, మధ్యలో పడితే కాలమ్ చేర్చడంతో సహా అంతా వెనక్కి పోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ ఆకారాన్ని మార్చే కమాండ్ ఒకసారి నడిస్తే అక్కడికక్కడే ఖాయమైపోతుంది. కాబట్టి కొత్త కాలమ్ టేబుల్‌లో ఉండిపోయింది. విలువలు కాపీ చేసే అడుగు మాత్రం వెనక్కి పోయింది, కాలమ్ నిండా సున్నాలే. 0014 పూర్తి కాలేదు కాబట్టి రికార్డు టేబుల్‌లో దాని పేరు లేదు. పొలంలో గెట్టు వేశారు, పహాణీలో ఎక్కలేదు.

మనవాడు మళ్లీ మైగ్రేట్ కొట్టాడు. డూప్లికేట్ కాలమ్ నేమ్, 1060. ఇప్పుడు ఈ ఎర్రర్ కాపీ చేసి నెట్‌లో వెతికితే చాలా చోట్ల కనిపించే సలహా ఒకటే: మైగ్రేట్‌కి మైనస్ మైనస్ ఫేక్ పెట్టండి. కొట్టాడు. ఓకే అని పచ్చగా వచ్చింది. ఫేక్ అంటే, ఆ ఫైల్‌లోని ఒక్క అడుగూ నడపకుండా రికార్డులో పేరు రాసేయడం. కొలవకుండా సంతకం. తర్వాత మామూలుగా మైగ్రేట్ కొట్టాడు. 0014 అయిపోయింది అని నమ్మిన జాంగో 0015 నడిపింది. పాత అడ్వాన్స్ కాలమ్ పోయింది. ఎర్రర్ ఒక్కటీ లేదు. పొద్దున ఆంటీ యాప్ తెరిస్తే 112 మందికీ అడ్వాన్స్ సున్నా.

"అన్నా, ఆంటీకి ఏం చెప్పాలన్నా" అని నాకు వచ్చిన మెసేజ్ అదే.

ఫేక్ అనేది చెడ్డ కమాండ్ అని నేను అనను, దానికీ పని ఉంది. అసలు టేబుల్‌లో ఆ ఫైల్ చెప్పిన ప్రతి మార్పూ ఇప్పటికే ఉంది అని మీ కళ్లతో చూశాక, రికార్డు ఒక్కటే వెనకబడి ఉంటే, అప్పుడు వాడాలి. చూడటం ఎలాగంటే, ముందు మేనేజ్ డాట్ పై షోమైగ్రేషన్స్ కొట్టండి, ఏ పేరు ముందు ఎక్స్ ఉందో లేదో తెలుస్తుంది. తర్వాత ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్, పక్కన యాప్ పేరు, 0014. ఆ ఫైల్ డేటాబేస్‌కి ఏ కమాండ్లు పంపుతుందో తెర మీద చూపిస్తుంది, ఏదీ నడపదు. రన్ పైథాన్ ఉన్న చోట దీన్ని ఎస్‌క్యూఎల్‌గా రాయలేం అని ఒక కామెంట్ కనిపిస్తుంది. ఆ కామెంట్ కనిపించిందంటే ఆ ఫైల్‌లో డేటా కదులుతోంది. దాన్ని ఫేక్ చేస్తే డేటా కదలదు. చివరగా మైఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి షో కాలమ్స్ కొట్టి అసలు టేబుల్ చూడండి. మూడూ కలిపి ఐదు నిమిషాలు.

ఈ కేసులో 1060 వచ్చిన క్షణంలో ఏం చేయాల్సింది? సగంలో చేరిన కొత్త కాలమ్ నిండా సున్నాలే ఉన్నాయని చూసుకుని, దాన్ని ఒక్కదాన్నే చేత్తో డ్రాప్ చేయాలి. కాపీ చేసే ఫంక్షన్‌లో గీతలూ మాటలూ ఉన్న విలువలకి దారి చూపించాలి, అర్థం కానివి ఒక లిస్టులో పెట్టి ఆంటీని అడగాలి. తర్వాత 0014 మళ్లీ నడపాలి. పాత కాలమ్‌లో రాసి ఉన్నవి ఎన్ని, కొత్తదాంట్లో సున్నా కానివి ఎన్ని, రెండూ లెక్కపెట్టి పోల్చాలి. 0015ని ఆ రాత్రి అసలు ముట్టుకోకూడదు. పాత కాలమ్ ఒక నెల ఊరికే పడి ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఇంకో మాట, మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు కాలమ్ చేర్చడం ఒక ఫైల్‌లో, డేటా కాపీ ఇంకో ఫైల్‌లో పెట్టుకుంటే ఈ సగం సగం గొడవే ఉండదు.

మనవాడి అదృష్టం ఏంటంటే ముందు రోజు రాత్రి తీసిన డంప్ ఫైల్ ఒకటి ఉంది. దాన్ని సర్వర్ డేటాబేస్ మీద రీస్టోర్ చేయొద్దు అని ముందే చెప్పాను, చేస్తే ఆ రోజు కట్టిన ఫీజులు పోతాయి. ల్యాప్‌టాప్‌లో వేరే ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, అందులోంచి ఐడీ, పాత అడ్వాన్స్ రెండే తీసుకుని, శుభ్రం చేసి, సర్వర్‌లో అప్‌డేట్ చేశాం. డంప్ తర్వాత చేరిన ముగ్గురి అడ్వాన్స్ మాత్రం ఆంటీ ఫోన్‌లో యూపీఐ మెసేజ్‌లు వెతికి ఎక్కించాల్సి వచ్చింది.

డంప్ ఉంది అనుకోవడం వేరు, తెరిచి చూడటం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఏమైందో చదవండి, వాళ్లే అంతా బయటపెట్టారు. ఒక ఇంజనీర్ తప్పు సర్వర్‌లో డేటా ఫోల్డర్ తీసేశాడు, దాదాపు 300 జీబీ. సరే బ్యాకప్ తీద్దాం అంటే, డంప్ తీసే ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ 9.2ది, డేటాబేస్ 9.6. వర్షన్లు కలవక డంప్ ఫెయిల్ అవుతూనే ఉంది, ఫెయిల్ అయింది అని చెప్పే మెయిల్స్ కూడా ఎవరికీ చేరలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది కాబట్టి బయటపడ్డారు. మీరు మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8కి వెళ్తుంటే, డంప్ తీసే స్క్రిప్టు ఇంకా పాత ప్రోగ్రామ్‌నే పిలుస్తోందేమో చూసుకోండి. ఆ డంప్‌ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, నలుగురి పేర్లు కనిపిస్తేనే అది బ్యాకప్ అని నమ్మండి.

అప్‌గ్రేడ్ ఇంకా మొదలుపెట్టనివాళ్లకి వరస చెప్తా. 2.2 నుంచి నేరుగా దూకకండి. ముందు 5.7 మీదే జాంగో 3.2కి రండి. నల్ బూలియన్ లాంటివి అక్కడ వార్నింగ్‌గా మాత్రమే వస్తాయి, యాప్ ఆగదు, నింపాదిగా దిద్దుకోవచ్చు. తర్వాత డేటాబేస్‌ని 8కి మార్చండి, ఒకటి రెండు రోజులు నడవనివ్వండి. ఆ తర్వాత 4.2, అక్కడి నుంచి 5.2. మైఎస్‌క్యూఎల్ 5.7 మీద 4.2 నడవదు, కాబట్టి ఈ వరస మార్చడం కుదరదు. 5.2కి పైథాన్ 3.10 లేదా పైది కావాలి, సపోర్ట్ 2028 ఏప్రిల్ దాకా ఉంది. ప్రతి మెట్టు మీదా మేక్‌మైగ్రేషన్స్‌కి చెక్, డ్రై రన్ రెండూ పెట్టి నడపండి. చెక్ ఒక్కటే పెడితే 4.2 కంటే పాత వర్షన్లలో ఫైళ్లు నిజంగానే రాసేస్తుంది. మీరు మోడల్స్‌లో ఏమీ మార్చకపోయినా అది మార్పులు చూపిస్తుంటే, అక్కడే ఆగి ఎందుకో తెలుసుకోండి. అది పూర్తయ్యేదాకా కొత్త కాలమ్స్, కొత్త ఫీచర్లు ఏవీ వద్దు.

మీ ఎర్రర్ ఇందులో లేకపోతే కామెంట్‌లో పెట్టండి. చివరి లైన్ ఒక్కటే కాకుండా పైనుంచి మొత్తం, షోమైగ్రేషన్స్ అవుట్‌పుట్, డేటాబేస్ ఏది, ఏ వర్షన్ నుంచి ఏ వర్షన్‌కి వెళ్తున్నారు, ఇవన్నీ రాయండి. పాస్‌వర్డ్‌లు మాత్రం తీసేసి పెట్టండి తమ్ముళ్లూ, పోయిన ఎపిసోడ్ కింద ఇద్దరు అలాగే పెట్టేశారు. ఉంటా మరి.