మా అబ్బాయి గేములు తయారుచేస్తాడట!

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు... గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఇంట చూసినా ఒకటే చర్చ. ఎంపీసీనా, బైపీసీనా? ఏ కాలేజీ? హాస్టల్లో వేయాలా, ఇంటి నుంచే పంపాలా? ఈ మధ్య ఆ చర్చలోకి మరో మాట వచ్చి పడుతోంది. 'నాన్నా, నేను వీడియో గేములు తయారుచేయడం నేర్చుకుంటా' అని. అంతే, ఇల్లంతా నిశ్శబ్దం!

'మిర్చి డబ్బులన్నీ నీ ఫీజులకే పోతుంటే ఆటలంటావేంట్రా' అని ఆ తండ్రి కోప్పడితే తప్పుపట్టలేం. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి ధర ఆ తర్వాత పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలుగా ఖరారు చేయాల్సి వచ్చింది. అలాంటి పంటను నమ్ముకుని పిల్లల్ని చదివించేవాళ్లకు తెలియని కోర్సంటే భయం ఉండదూ! అందుకే పిల్లాడిని తిట్టేముందు, అలాగని తొందరపడి ఫీజు కట్టేముందు అసలు ఆ పనేమిటో తెలుసుకోవడం మంచిది.

పులి-మేక చెప్పే పాఠం

గేమ్ తయారీ గురించి అర్థం కావడానికి కంప్యూటరే అక్కర్లేదు. రచ్చబండ మీద గీసుకుని ఆడే పులి-మేక చాలు. 3 పులులు, 15 మేకలు. పులి మేక మీంచి దూకి దాన్ని చంపొచ్చు. మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేయొచ్చు. బలం పులులది, సంఖ్య మేకలది. అదే పులుల్ని ఆరు చేస్తే? మేకల వైపు కూర్చోవడానికి ఎవరూ ముందుకు రారు. ఆ లెక్క కుదర్చడమే గేమ్ డిజైనర్ పని. ఎక్కడ కష్టం పెట్టాలి, ఎక్కడ ఊరటనివ్వాలి అన్నది ముందు కాగితం మీద తేల్చుకుంటారు.

రెండోది బొమ్మల పని. మనుషులు, ఇళ్లు, చెట్లు, ఆయుధాలు... అన్నీ ఆర్టిస్టులు గీసి, మలచాల్సిందే. అమరావతి శిల్పాలు, దుర్గి రాతి చెక్కడాలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఊహలకు కొదవా? హైదరాబాద్‌కి చెందిన ఓగర్ హెడ్ స్టూడియో మన పురాణాల స్ఫూర్తితోనే 'అసుర' అనే గేమ్ తయారుచేసి 2017లో విడుదల చేసింది.

మూడోది ప్రోగ్రామింగ్. విసిరిన బంతి వంపు తిరిగి కిందపడాలంటే ఇంటర్‌లో చదివే వెక్టర్లు, మ్యాట్రిసెస్, ట్రిగొనామెట్రీతో పాటు ఫిజిక్సూ రావాలి. 'గేములైతే లెక్కలు తప్పుతాయి' అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఈ మూడు పనులూ ఒక్కరే చేయాలని లేదు. ఒకదాంట్లో గట్టి పట్టు, మిగతా రెండింటి మీద అవగాహన ఉంటే చాలు.

రమ్మీ వేరు, ఇది వేరు

పెద్దవాళ్ల భయానికి మరో కారణం ఆన్‌లైన్ పేకాట. డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయితే పందెం లేని వీడియో గేములకూ ఆ నిషేధానికీ సంబంధం లేదు. ఏ సంస్థలో చేరినా అది తయారుచేసేది ఏ రకం గేములో ముందే కనుక్కోవాలి.

ఏ దారిలో వెళ్లాలి?

ప్రోగ్రామింగ్ ఇష్టమైతే బీటెక్ కంప్యూటర్ సైన్స్ మంచి దారి. గేముల్లో అవకాశం రాకపోయినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆ డిగ్రీ పనికొస్తుంది. బొమ్మల మీద మక్కువ ఉంటే డిజైన్ కోర్సులున్నాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్ శాఖ తరగతులు 2015లో గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ ఆవరణలోనే మొదలయ్యాయి. 2019లో దానికి జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ హోదా వచ్చింది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా దీని ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలుంటాయి. బట్టీ పడితే వచ్చేది కాదు, గమనించి గీయడం రావాలి. డిగ్రీ తర్వాత ఇదే సంస్థ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో పీజీ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ చేయాలంటే యూసీడ్ పరీక్ష రాయాలి.

ఇక ఉద్యోగాలు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, పుణెల్లో ఉంటాయి. బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ని 2019లో ప్రపంచ ప్రసిద్ధ సంస్థ రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. భారత గేమ్ డెవలపర్ల సదస్సు 2022 నుంచి 2024 వరకూ ఏటా హైదరాబాద్‌లోనే జరిగింది.

అంతా తీపే కాదు

ఈ రంగంలో ఒడుదొడుకులూ ఎక్కువే. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తొలగించింది. ఏళ్ల తరబడి శ్రమపడి తయారుచేసిన గేమ్ జనానికి నచ్చకపోతే మూలన పడుతుంది. విడుదల దగ్గరపడితే రాత్రీపగలూ పనే. కొన్ని నెలల్లోనే గేమ్ డెవలపర్‌ని చేస్తామంటూ లక్షలు అడిగే శిక్షణ సంస్థల విషయంలోనూ జాగ్రత్త అవసరం. డబ్బు కట్టేముందు అక్కడ చదివినవాళ్లు తయారుచేసిన గేములు చూపించమనాలి. ఎక్కడ పనిచేస్తున్నారో అడగాలి.

ముందు ఒక్క ఆట!

మరి మన పిల్లాడికో, అమ్మాయికో ఉన్నది నిజమైన ఆసక్తా, ఆడుకోవాలన్న సరదానా? తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని మార్గం ఒకటుంది. గోడో, బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. నేర్పే పాఠాలూ ఇంటర్నెట్‌లో బోలెడు. వేసవి సెలవుల్లో ఒక్క చిన్న గేమ్ మొదలుపెట్టి పూర్తిచేయమనండి. పులి-మేకనే ఫోన్లో ఆడేలా చేసినా చాలు. తయారయ్యాక ఇంటిల్లిపాదీ ఆడి, బాగాలేనిచోట బాగాలేదని చెప్పండి. చిరాకు పడకుండా సరిచేసుకుని మళ్లీ తెచ్చారంటే ఆ పనికి కావాల్సిన ఓపిక ఉన్నట్టే. వారానికే వదిలేశారా... పోయిందేమీ లేదు, ఫీజు మిగిలింది! ఉద్యోగమిచ్చే సంస్థలు కూడా మార్కుల జాబితాతో పాటు అడిగేది ఇదే... 'నువ్వు చేసింది చూపించు' అని.

కొత్త రకం విత్తనం వచ్చిందని ఏ రైతూ పొలమంతా వేసేయడు. ముందు అరెకరంలో వేసి చూస్తాడు. పిల్లల చదువు విషయంలోనూ అదే పద్ధతి పాటిస్తే పంట డబ్బూ పదిలం, పిల్లల కలా పదిలం.