యూనివర్సల్ రిమోట్

యూనివర్సల్ రిమోట్ అనగా వేర్వేరు సంస్థలు తయారుచేసిన టెలివిజన్, సెట్‌టాప్ బాక్సు, డీవీడీ ప్లేయర్ వంటి ఉపకరణాలను ఒకే చేతి పరికరంతో నడపడానికి ఉపయోగపడే దూరనియంత్రణ సాధనం. టెలివిజన్‌తో పాటు వచ్చే అసలు రిమోట్ సాధారణంగా ఆ ఉపకరణానికి సంబంధించిన సంకేతాలను మాత్రమే పంపగలదు. యూనివర్సల్ రిమోట్‌లో అనేక సంస్థల సంకేతాలు ముందే నిక్షిప్తమై ఉంటాయి, లేదా మరొక రిమోట్ నుండి సంకేతాలను నేర్చుకొనే ఏర్పాటు ఉంటుంది. ఇంటిలోని టెలివిజన్‌కు సరిపోయే సంకేతాలు ఏవో రిమోట్‌కు తెలియజేయడాన్నే ప్రోగ్రామింగ్ అంటారు.

ఈ పేరు కంప్యూటర్ ప్రోగ్రామింగును తలపించినా, ఇందులో ప్రోగ్రాము వ్రాసే పని ఏమీ లేదు. మార్పు జరిగేది రిమోట్‌లో మాత్రమే, టెలివిజన్‌లో కాదు. టెలివిజన్ తన సంకేతం కాని దానిని పట్టించుకోదు. అందువలన తప్పు కోడ్ ఇచ్చినంత మాత్రాన టెలివిజన్ పాడవదు. ఎన్నిసార్లయినా మళ్ళీ మొదటి నుండి ప్రయత్నించవచ్చును.

అవసరం

రిమోట్ పోయినప్పుడు, క్రిందపడి పగిలినప్పుడు, లేదా బ్యాటరీలు కారి లోపలి భాగాలు తుప్పు పట్టినప్పుడు యూనివర్సల్ రిమోట్ అవసరమవుతుంది. పాత టెలివిజన్లకు ముందుభాగంలో ఛానల్, ధ్వని మార్చే మీటలు ఉండేవి. తరువాత వచ్చిన అనేక నమూనాలలో ఒకటి రెండు మీటలు మాత్రమే, అవి కూడా తెర వెనుక లేదా అడుగున ఉంటాయి. అటువంటి టెలివిజన్ బాగానే ఉన్నా, రిమోట్ లేకపోతే దానిని వాడుకోవడం చాలా కష్టం. పాత నమూనాల అసలు రిమోట్లు అన్ని చోట్లా దొరకవు. సరైన యూనివర్సల్ రిమోట్ దొరికితే మంచి టెలివిజన్‌ను మూలన పడవేయవలసిన అవసరం ఉండదు.

భారతదేశంలో మరొక కారణం కూడా కలదు. కేబుల్ ప్రసారాలను డిజిటల్ విధానానికి మార్చే కార్యక్రమం రెండవ దశ గడువు 2013 మార్చి 31న ముగిసింది. ఆ దశలోని నగరాలలో హైదరాబాదు, విశాఖపట్నం కూడా ఉన్నాయి. సెట్‌టాప్ బాక్సు రావడంతో టెలివిజన్‌కు ఒకటి, బాక్సుకు ఒకటి చొప్పున రెండు రిమోట్లు వాడవలసి వచ్చింది. ఏ రిమోట్‌తో ధ్వని పెంచాలో, ఏ రిమోట్‌తో ఛానల్ మార్చాలో గుర్తుపెట్టుకోవడం వృద్ధులకు, చూపు మందగించినవారికి ఇబ్బంది. వారికి పెద్ద మీటలతో, కొద్ది మీటలే గల ఒకే రిమోట్ ఎక్కువ ఉపయోగకరం.

చరిత్ర

అమెరికాకు చెందిన జెనిత్ సంస్థ 1950లో "లేజీ బోన్స్" అనే దూరనియంత్రణ సాధనాన్ని ప్రవేశపెట్టింది. ఇది టెలివిజన్‌కు తీగతో కలపబడి ఉండేది. అదే సంస్థకు చెందిన యూజీన్ పోలీ 1955లో తీగ అవసరం లేని "ఫ్లాష్‌మ్యాటిక్"ను రూపొందించాడు. తెర నాలుగు మూలలలోని కాంతి గ్రాహకాలపై టార్చిలైటు వంటి సాధనంతో వెలుగు వేస్తే టెలివిజన్ స్పందించేది. ఎండ పడినప్పుడు కూడా అది స్పందించడం ఇందులోని లోపం.

1956లో రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన "స్పేస్ కమాండ్" అతిధ్వనులతో పనిచేసేది. మీట నొక్కినప్పుడు చిన్న సుత్తి ఒక అల్యూమినియం కడ్డీని కొట్టేది. దాని నుండి వెలువడే, మనిషి చెవికి వినిపించని ధ్వనిని టెలివిజన్ గ్రహించేది. ఈ రిమోట్‌కు బ్యాటరీ అవసరం లేదు. 1980ల నాటికి అతిధ్వనుల స్థానాన్ని పరారుణ కిరణాలు ఆక్రమించాయి.

ఇంటిలో ఉపకరణాలు పెరిగే కొలది రిమోట్లు కూడా పెరిగాయి. 1985లో ఫిలిప్స్ సంస్థ మాగ్నవాక్స్ పేరుతో తొలి యూనివర్సల్ రిమోట్‌ను విడుదల చేసింది. యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ స్థాపించిన సీఎల్ 9 అనే సంస్థ 1987లో "కోర్" అనే రిమోట్‌ను తెచ్చింది. ఇది ఇతర రిమోట్ల సంకేతాలను నేర్చుకొనగలదు.

పనిచేసే విధానం

రిమోట్ ముందుభాగంలో పరారుణ కాంతిని వెలువరించే ఒక ఎల్‌ఈడీ ఉంటుంది. దీని తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు. ఇది కంటికి కనిపించదు. మీట నొక్కినప్పుడు ఈ దీపం సెకనుకు దాదాపు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది. ఈ వేగాన్ని వాహక పౌనఃపున్యం అంటారు. ఎండలోను, గదిలోని దీపాల వెలుగులోను కూడా పరారుణ కాంతి ఉంటుంది కాబట్టి, టెలివిజన్‌లోని గ్రాహకం ఈ వేగంతో మినుకుమనే కాంతిని మాత్రమే స్వీకరించి మిగిలినదానిని వదలివేస్తుంది.

ఈ మినుకులను చిన్న చిన్న విరామాలతో విడగొట్టి 0, 1 అనే బిట్లుగా పంపుతారు. ప్రతి సంకేతంలోను ముఖ్యంగా రెండు భాగాలు ఉంటాయి. ఒకటి చిరునామా, అది ఏ ఉపకరణానికి ఉద్దేశించినదో తెలుపుతుంది. రెండవది ఆజ్ఞ, అది ఏ పని చేయాలో తెలుపుతుంది. ఒకే గదిలో టెలివిజన్, సెట్‌టాప్ బాక్సు ప్రక్కప్రక్కనే ఉన్నా ఒకదాని ఆజ్ఞకు మరొకటి స్పందించకపోవడానికి ఇటువంటి తేడాలే కారణం.

సంస్థలన్నీ ఒకే పద్ధతిని పాటించకపోవడం వలననే ప్రోగ్రామింగ్ అవసరం ఏర్పడింది. ప్రసిద్ధమైన పద్ధతులలో కొన్ని:

* ఎన్‌ఈసీ పద్ధతి: వాహక పౌనఃపున్యం 38 కిలోహెర్ట్జులు. మొదట 9 మిల్లీసెకన్ల మినుకు, తరువాత 4.5 మిల్లీసెకన్ల విరామం వస్తాయి. అటుపై 8 బిట్ల చిరునామా, 8 బిట్ల ఆజ్ఞ వస్తాయి. పొరపాటును పట్టుకోవడానికి ఈ రెండింటినీ 0కు 1, 1కి 0 తారుమారు చేసి మరొకసారి పంపుతారు.
* ఆర్‌సీ-5 పద్ధతి: ఫిలిప్స్ సంస్థ రూపొందించినది. పౌనఃపున్యం 36 కిలోహెర్ట్జులు. మొత్తం 14 బిట్లలో 5 బిట్లు చిరునామాకు, 6 బిట్లు ఆజ్ఞకు కేటాయించబడినవి. ఇందులో టెలివిజన్ చిరునామా 0.
* సోనీ పద్ధతి: పౌనఃపున్యం 40 కిలోహెర్ట్జులు. ఇందులో 12, 15, 20 బిట్ల రూపాలు కలవు. 12 బిట్ల రూపంలో 7 బిట్లు ఆజ్ఞకు, 5 బిట్లు చిరునామాకు చెందుతాయి.

యూనివర్సల్ రిమోట్‌తో వచ్చే కరపత్రంలో సంస్థ పేరు ఎదురుగా ముద్రించే మూడు లేదా నాలుగు అంకెల కోడ్ పై సంకేతాలలో ఒకటి కాదు. అది రిమోట్ జ్ఞాపకంలోని పట్టికకు వరుస సంఖ్య మాత్రమే. ఆ పట్టికలో ఒక టెలివిజన్‌కు కావలసిన సంకేతాలన్నీ ఉంటాయి. ఈ సంఖ్యలను ప్రతి రిమోట్ తయారీదారు తన ఇష్టప్రకారం ఇస్తాడు. కనుక ఒక రిమోట్ కరపత్రంలోని కోడ్ మరొక తయారీదారు రిమోట్‌లో సాధారణంగా పనిచేయదు.

ప్రోగ్రామింగ్ పద్ధతులు

కోడ్ ఇచ్చే పద్ధతి

మీటల పేర్లు, వ్యవధులు రిమోట్‌ను బట్టి మారినా, వరుస దాదాపు ఇట్లు ఉంటుంది:

1. రిమోట్‌లో క్రొత్త బ్యాటరీలు వేసి, టెలివిజన్‌ను దాని మీద ఉన్న మీటతో ఆన్ చేయాలి.
2. కరపత్రంలో టెలివిజన్ సంస్థ పేరు ఎదురుగా ఉన్న కోడ్‌లను చూసుకోవాలి.
3. సెట్ మీటను, కొన్ని రిమోట్లలో దానితో పాటు టీవీ మీటను, చిన్న దీపం వెలిగే వరకు నొక్కి ఉంచాలి.
4. దీపం వెలిగి ఉండగానే కోడ్ అంకెలను వరుసగా నొక్కాలి. కోడ్ స్వీకరించబడితే దీపం ఆరిపోతుంది లేదా కొన్నిసార్లు మినుకుమంటుంది.
5. రిమోట్‌ను టెలివిజన్ వైపు ఉంచి పవర్, ధ్వని, ఛానల్, మెనూ మీటలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

ఒకే సంస్థ పేరు ఎదురుగా అనేక కోడ్‌లు ఉండడం సహజం. ఆ సంస్థ వేర్వేరు కాలాలలో వేర్వేరు సంకేతాలను వాడి ఉండవచ్చును. పవర్ మీట పనిచేసి మెనూ మీట పనిచేయకపోతే, ఆ కోడ్ కొంతవరకే సరిపోయిందని గ్రహించి తరువాతి కోడ్‌ను ప్రయత్నించాలి.

అన్వేషణ పద్ధతి

కరపత్రం పోయినా, అందులో సంస్థ పేరు లేకపోయినా ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. ఇందులో రిమోట్ తన పట్టికలలోని పవర్ సంకేతాలను ఒకదాని తరువాత ఒకటి పంపుతుంది. కొన్ని రిమోట్లలో ఇది దానంతట అదే జరుగుతుంది. కొన్నింటిలో ప్రతిసారి మీట నొక్కాలి. టెలివిజన్ ఆరిపోయిన వెంటనే అన్వేషణ ఆపి, ఆ కోడ్‌ను నిలుపుకొనే మీట నొక్కాలి. ఆలస్యమైతే రిమోట్ తరువాతి కోడ్‌కు వెళ్ళిపోతుంది. సెకనుకు ఒక కోడ్ చొప్పున 240 కోడ్‌లు పరీక్షించడానికి 4 నిమిషాలు పడుతుంది. చాలామంది సగంలోనే ఆపివేసి రిమోట్ పనికిరానిదని భావిస్తారు. పట్టిక చివరి వరకు చూడనిదే ఆ నిర్ణయానికి రారాదు.

మిచ్ ఆల్ట్‌మన్ రూపొందించగా 2004లో మార్కెట్‌లోకి వచ్చిన "టీవీ బీ గాన్" అనే చిన్న పరికరం ఇదే సూత్రంపై ఆధారపడినది. అది అనేక సంస్థల పవర్ సంకేతాలను వరుసగా పంపి బహిరంగ ప్రదేశాలలోని టెలివిజన్లను ఆర్పివేస్తుంది.

నేర్పే పద్ధతి

అసలు రిమోట్ చేతిలో ఉండి పనిచేస్తూ ఉంటే ఇది అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి. రెండు రిమోట్ల ముందుభాగాలను ఎదురెదురుగా, కొద్ది సెంటీమీటర్ల దూరంలో, బల్లపై కదలకుండా ఉంచాలి. యూనివర్సల్ రిమోట్‌ను నేర్చుకొనే స్థితిలోకి తెచ్చి, అందులో నేర్పవలసిన మీటను నొక్కి, తరువాత అసలు రిమోట్‌లోని సంబంధిత మీటను నొక్కాలి. దీపం సూచన ఇచ్చిన తరువాత తక్కిన మీటలకు ఇదే విధంగా చేసి, చివరకు భద్రపరచాలి. అనేక సెట్‌టాప్ బాక్సు రిమోట్లలో గీతతో వేరుచేసిన కొన్ని టీవీ మీటలు ఇందుకొరకే ఉంటాయి. టెలివిజన్ పవర్, ధ్వని వంటి పనులను వాటికి నేర్పితే రెండవ రిమోట్ అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఆర్‌సీ-5 పద్ధతిలో ఒక చిక్కు కలదు. ఇందులో మీటను విడిచి మళ్ళీ నొక్కిన ప్రతిసారి మారే ఒక బిట్ ఉంటుంది. సంకేతాన్ని ఉన్నదున్నట్లుగా నకలు చేసే రిమోట్ ఆ బిట్‌ను మార్చదు. అందువలన 1 మీటను రెండుసార్లు నొక్కినా, ఒకే మీటను నొక్కి ఉంచినట్లు టెలివిజన్ భావించి 11వ ఛానల్‌కు వెళ్ళకపోవచ్చును. పద్ధతిని గుర్తించి సంకేతాన్ని తిరిగి నిర్మించే రిమోట్లలో ఈ సమస్య ఉండదు.

అసలు రిమోట్ పనిచేస్తున్నప్పుడే ముఖ్యమైన మీటలను మరొక రిమోట్‌కు నేర్పి ఉంచుకోవడం మంచిది. అది పోయిన తరువాత ఈ పద్ధతికి అవకాశం ఉండదు.

పనిచేయనప్పుడు పరిశీలించవలసినవి

* మొబైల్ ఫోన్ కెమెరా ఎదుట రిమోట్‌ను ఉంచి మీట నొక్కితే, ఎల్‌ఈడీ వెలుగు తెల్లగా లేదా ఊదారంగులో తెరపై కనిపించవచ్చును. కొన్ని ఫోన్ల వెనుక కెమెరాలలో పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ముందు కెమెరాతో కూడా చూడాలి. వెలుగు కనిపిస్తే రిమోట్ సంకేతం పంపుతున్నట్లే. లోపం కోడ్‌లో గాని, టెలివిజన్ గ్రాహకంలో గాని ఉండవచ్చును.
* టెలివిజన్ గ్రాహకంపై ఎండ నేరుగా పడకుండా, దానికి అడ్డంగా ఏ వస్తువూ లేకుండా చూడాలి.
* బ్యాటరీ మార్చిన తరువాత కోడ్ మరచిపోయే రిమోట్లు కొన్ని కలవు. సరిపోయిన కోడ్‌ను చిన్న కాగితంపై వ్రాసి బ్యాటరీ మూత లోపలి వైపు అంటించుకుంటే మళ్ళీ వెతకవలసిన పని ఉండదు.

పరిమితులు

పరారుణ సంకేతాలు గోడలను దాటలేవు. కొన్ని స్మార్ట్ టెలివిజన్ల రిమోట్లు మాటలతో ఆజ్ఞలివ్వడం వంటి పనులకు బ్లూటూత్ వాడతాయి. పరారుణ రిమోట్ అటువంటి టెలివిజన్‌లో పవర్, ధ్వని వంటివి నడపగలిగినా, మాటల ఆజ్ఞలను పంపలేదు. పూర్తిగా బ్లూటూత్‌తోనే పనిచేసే ఉపకరణాన్ని అది అసలే నడపలేదు. కొనేముందు అసలు రిమోట్‌లోని మీటలలో ఏవేవి తప్పనిసరిగా కావాలో చూసుకోవడం అవసరం.

పరారుణ ఎల్‌ఈడీ గల మొబైల్ ఫోన్లను తగిన అప్లికేషన్‌తో యూనివర్సల్ రిమోట్‌గా వాడవచ్చును. ఆ ఎల్‌ఈడీ లేని ఫోన్లలో ఈ సౌకర్యం ఉండదు. ఇంటర్నెట్ ద్వారా సంకేతాలను దింపుకొనే హార్మనీ రిమోట్లు ప్రసిద్ధి పొందాయి. అయితే లాజిటెక్ సంస్థ వాటి తయారీని నిలిపివేస్తున్నట్లు 2021లో ప్రకటించింది.

హెచ్‌డీఎంఐ తీగతో కలిపిన ఉపకరణాలకు సీఈసీ అనే మరొక మార్గం కలదు. ఇందులో ఆజ్ఞలు తీగ ద్వారానే ఒక ఉపకరణం నుండి మరొకదానికి చేరుతాయి. శాంసంగ్ దీనిని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ సింప్‌లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పిలుస్తాయి. రెండు ఉపకరణాలలోను ఈ సౌకర్యం ఉండి, సెట్టింగులలో దానిని ఆన్ చేస్తే, యూనివర్సల్ రిమోట్ లేకుండానే ఒక రిమోట్‌తో రెండింటినీ కొంతవరకు నడపవచ్చును.