ల్యాప్‌టాప్ తెర నల్లబడిందా? కంగారు పడకండి!

మిక్సీ తిరక్కపోతే మనమేం చేస్తాం? వెంటనే కొత్తది కొనుక్కోం కదా! ముందు కరెంటుందా అని చూస్తాం. ప్లగ్గు సరిగ్గా పెట్టామా అని చూస్తాం. మిక్సీని పక్కకు వంచి అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కుతాం. అదే ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉండిపోయిందంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు. సంచిలో వేసుకుని షాపుకు పరుగెత్తడమే. అక్కడ వాళ్లెంతంటే అంత!

పోయిన శ్రావణంలో ధర్మవరంలో ఉన్న మా చెల్లెలికి సరిగ్గా ఇదే జరిగింది. వాళ్లది మగ్గాల ఇల్లు. పట్టుచీరల అంచులకూ, కొంగులకూ డిజైన్లు తనే ల్యాప్‌టాప్‌లో వేస్తుంది. ఒకప్పుడైతే గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి, వాటిని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి జాకార్డుకు ఎక్కించేవాళ్లు. (ఆ అట్టల మగ్గాన్ని 1804లో ఫ్రాన్సులో జాకార్డ్ అనే ఆయన తయారుచేశాడట. తర్వాత బాబేజ్ అనే ఇంగ్లీషు ఆయన లెక్కల యంత్రానికి ఊహ చేసినప్పుడు ఆ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. ఆ లెక్కన మన మగ్గం కంప్యూటరుకు అమ్మమ్మ వరస!)

పెళ్లివారి ఆర్డరు. మూడు రోజుల్లో డిజైన్లు ఇవ్వాలి. పొద్దున బటన్ నొక్కితే లైటు వెలిగింది, తెర మాత్రం నలుపే. షాపులో చూపిస్తే, "మదర్‌బోర్డు పోయిందమ్మా, పన్నెండు వేలవుతుంది. లోపలున్నవి వస్తాయో రావో చెప్పలేం" అన్నారట. హిందూపురంలో ఉన్న నాకు ఫోను చేసి ఒకటే ఏడుపు. "అక్కా, రెండేండ్ల డిజైన్లన్నీ దాంట్లోనే ఉండాయి. ఇప్పుడేం చేసేది?"

"ముందు దాన్ని ఇంటికి తెచ్చుకో" అన్నాను. నేనేం ఇంజనీరును కాను. 2020లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులప్పుడు మా ఇంట్లోనూ ఇదే గొడవ వస్తే నేర్చుకున్న నాలుగు ముక్కలివి. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మనం దాచుకున్నవన్నీ లోపలి డిస్కులో ఉంటాయి, తెరలో కాదు. అద్దం పగిలితే ముఖం పగలదు కదా!

ఫోనులోనే ఒక్కొక్కటీ చేయించాను. మీరూ ఇదే వరసలో చూసుకోండి.

బటన్ నొక్కాక చిన్న లైటు వెలుగుతోందా? చెవి పెడితే ఫ్యాను చప్పుడు వినిపిస్తోందా? కాసేపాగి క్యాప్స్ లాక్ కీ నొక్కండి. దాని దీపం వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందనుకోండి, లోపల ప్రాణం ఉన్నట్టే. ఇబ్బంది బొమ్మ రావడంలోనే. ఏ లైటూ లేదంటే అది తెర సంగతి కాదు. చార్జరు, సాకెట్టు మార్చి చూడండి.

తర్వాత చార్జరు తీసేయండి. బ్యాటరీ ఊడేదైతే అదీ తీసేయండి. పవర్ బటన్‌ను ముప్ఫై సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కాస్త కరెంటూ పోతుంది. మళ్లీ చార్జరు పెట్టి ఆన్ చేయండి. చాలాసార్లు ఇంతమాత్రానికే లేచి కూర్చుంటుంది.

అప్పటికీ రాకపోతే వెలుతురు పెంచే కీ నొక్కి చూడండి. పిల్లలు ఆడుతూ పూర్తిగా తగ్గించేసి ఉండొచ్చు. విండోస్ గుర్తున్న కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కితే (విండోస్ 10, 11 అయితే) బొమ్మ పంపే భాగం మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత గదిలో దీపం ఆర్పి, సెల్‌ఫోను టార్చిని తెర మీద ఏటవాలుగా వేయండి. నీడలాగా బొమ్మ కనిపిస్తే తెర వెనక వెలిగే దీపం పోయినట్టు. మదర్‌బోర్డు మార్చాలని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇంకోటి, ఇది మనకే వచ్చే తంటా. మూత మూశామని తెలుసుకోవడానికి చాలా ల్యాప్‌టాప్‌లలో అయస్కాంతం ఉంటుంది. అయస్కాంతం కొక్కెమున్న చేతి గొలుసో, ఫోను కవరో కీబోర్డు అంచున తగిలితే మూత మూశారనుకుని తెర ఆరిపోతుంది. మా పక్కింటావిడ నెల రోజులు ఇదే తిప్పలు పడింది!

మా చెల్లెలి దాంట్లో క్యాప్స్ లాక్ దీపం చక్కగా వెలిగింది. టార్చి వేస్తే మాత్రం ఏమీ కనిపించలేదు. మర్నాడు పొద్దున్నే హెచ్‌డిఎమ్‌ఐ వైరు సంచిలో వేసుకుని రైలెక్కాను. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా అన్న కొడుకు ఆ రోజు సెలవు పెట్టి, పెనుకొండ స్టేషన్లో నాతో కలిశాడు. "అత్తా, ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చినా" అన్నాడు. వాడికే గుర్తుంది, నేను మర్చిపోయాను!

ధర్మవరం చేరగానే ల్యాప్‌టాప్‌ను హాల్లో టీవీకి తగిలించాం. విండోస్ కీతో పాటు పి నొక్కితే బొమ్మ ఏ తెర మీదకు రావాలో మారుతుంది. రెండుసార్లు నొక్కేసరికి టీవీ నిండా నెమళ్ల అంచు! మా చెల్లెలి అత్తగారు చేటలో బియ్యం వదిలేసి, "ఓయమ్మ, మన చీర టీవీలో వచ్చెనే!" అన్నారు. మా చెల్లెలు నవ్వలేదు. ముందు డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక గానీ మంచినీళ్లు కూడా తాగలేదు.

అప్పుడు మావాడు మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచాడు. ఒకచోట తెర మిణుకుమంది. దొంగ దొరికాడు! తెరకు బొమ్మ తీసుకెళ్లే వైరు కీలు లోపలినుంచి వెళుతుంది. మూతను రోజూ ఒక మూల పట్టుకుని లేపితే కీలు వదులై ఆ వైరు నలుగుతుంది. మా చెల్లెలి అలవాటు అదే. ఎప్పుడూ మధ్యలో పట్టుకునే తెరవాలి.

హిందూపురంలో నాకు తెలిసిన షాపులో వైరు మార్పించాం. కూలితో కలిపి పద్దెనిమిది వందలు.

టీవీలో కూడా బొమ్మ రాకపోతే? అప్పుడు షాపుకు వెళ్లాల్సిందే. ఆన్ చేసినప్పుడు కీచు కీచుమని చప్పుళ్లు వస్తే ర్యామ్ వదులై ఉండొచ్చు. దాన్ని ఒకసారి తీసి పెట్టి చూడమనండి, మీ ఎదురుగానే. ఫార్మాట్ చేయొద్దని ముందే చెప్పి, రసీదు మీద రాయించుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి డిస్కుకు తాళం ఉంటుంది. బోర్డు మారిస్తే రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే రాసిపెట్టుకోండి. కీబోర్డు కింది భాగం ఉబ్బినట్టుంటే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. బ్యాటరీ ఉబ్బిందన్నమాట. చార్జింగు ఆపేసి, నొక్కకుండా తీసుకెళ్లండి.

డిజైన్లు గడువుకే అందాయి. పెన్‌డ్రైవ్ ఇప్పుడు మా చెల్లెలి బీరువాలో పెళ్లిచీర మడతల్లో ఉంది. మావాడి ఫీజంటారా? డబ్బా నిండా ఓలిగలు!